అయిదున్నర అంగుళాల వియ్యం

వెస్ట్ మారేడ్‌పల్లి, సికింద్రాబాద్
బోనాలయిన వారం

గౌరవనీయులైన లీలాకుమారి వదినగారికి, ఊర్మిళ నమస్కారాలు.

మేమంతా ఇక్కడ క్షేమం. మీరంతా అక్కడ క్షేమమని తలుస్తున్న. ఈ రెండు ముక్కలు రాసేటాలకే నాకు చెమటలు పట్టినయి. ఎందుకంటే మూడో ముక్క నిజం రాయాలె.

పిల్లల నిశ్చితార్థం నాడు మీరు నన్ను పక్కకు పిలిచి ఒక మాట చెప్పిండ్రు. "మా మామగారికి చెవుడండీ, ఫోనెప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది, మనసులో మాటేదైనా ఉంటే ఉత్తరం రాయండి, నా ఉత్తరాలు మా ఇంట్లో ఎవరూ విప్పరు" అని. ఆ మాట పట్టుకొనే ఇప్పుడు రాస్తున్న. మా హరికిషన్‌కు మీ నీహారికను ఇచ్చేముందు మీకు తెల్వాల్సిన సంగతి ఒకటున్నది.

వదినగారూ, నేను తుపాకి కాలుస్త.

భయపడకుండ్రి, మనుషుల మీద కాదు! కాగితం మీద. రాంగోపాల్‌పేట్ల మా మ్యాచింగ్ సెంటర్ హరికిషన్ చేతికి వచ్చినంక నాకు పొద్దు పోతలేదు. ఇన్నేండ్లు చీరెకు జాకెట్ ముక్క జోడు చూసిన కండ్లాయె, ఖాళీగ ఉంటయా? మా గిరాకీ ఒకామె, బ్యూలా మేడం, తిరుమలగిరి అవతల షూటింగ్ రేంజ్‌కు పోతుంటే "తోడు రా ఊర్మిళా" అన్నది. పోయిన. "ఒకటి కాల్చి చూడు" అన్నరు. కాల్చిన. చెవులు గుయ్యిమన్నయి. గుండు ఎటు పోయిందో దేవునికే ఎరుక. కని నాకు నవ్వాగలేదు వదినగారూ! ఆ నవ్వు ఇంకా అయిపోలే.

ఇప్పుడు సొంత పిస్తోలు కొనుక్కోనీకి లైసెన్స్ సుత వచ్చింది. ఎంక్వైరీకి పోలీసాయన ఇంటికొస్తే మా ఆయన రాఘవేందర్ చాయ్ ఇచ్చి, "నాకు కాదు సార్, మా ఇంటామెకు" అని రెండుసార్లు చెప్పుకున్నడు పాపం. కొనేందుకు డిసెంబర్ ఆఖరు దాక గడువున్నది.

"పెండ్లయ్యేదాక వాళ్ళకు చెప్పకు" అంటడు ఆయన. మీ మామగారు బుల్లబ్బాయిగారు నిశ్చితార్థంల అరటిపండ్ల గెల ఎదురు మొఖం పెట్టిండ్రని పళ్ళెమంత మళ్ళ సర్దించిండ్రు గదా. అసొంటి పెద్దమనిషికి పిల్లగాని తల్లి పిస్తోలు పడతదని తెలిస్తే ఈ సంబంధం నిలుస్తదా? నాకు అదే పరేషాన్. దాచి పెండ్లి చేసుడు నాకు చేతకాదు. మీరు వద్దంటే లైసెన్స్ వాపస్ ఇచ్చేస్త. కొడుకు పెండ్లి ముందు, నా సరదా ఎనక. మీరే చెప్పుండ్రి.

ఇట్లు,
ఊర్మిళ


గాంధీనగర్, కాకినాడ
ఆగస్టు మొదటి వారం

ఊర్మిళ వదినగారికి, లీలాకుమారి నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం పెరట్లో తులసికోట దగ్గర నిలబడి చదివానండి. "తుపాకి" అన్న మాట దగ్గర కాగితం తడిలో పడేసుకున్నాను. తీసి, తుడిచి, మళ్ళీ చదివాను. చదివి ఏం చేశానో తెలుసా? తలుపు గడియ పెట్టుకుని కూర్చుని నవ్వాను. మా ఆయన సత్యదేవ్ గారు బయటినుంచి "ఏమైంది, ఏమైంది" అని ఒకటే గోల. "పంటినొప్పి" అని చెప్పాను. అబద్ధమే. మీరు నాకు తెచ్చిపెట్టిన మొదటి అబద్ధం ఇది.

వాపసివ్వడమేమిటండీ! ఇస్తే నా మీద ఒట్టే. మా మామయ్యగారి సంగతి నాకొదిలేయండి. ఇప్పుడైతే చెప్పను, సమయం చూసుకుని చెబుతాను. ఆయన కోపం వస్తే ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు చేయవు, అది మాత్రం నిజం. ఈ సంబంధం తెంపే శక్తి మా ఇంట్లో ఆయన ఒక్కరికే ఉంది, అదీ నిజమే. అయినా సరే, మీరు కొనండి.

ఇంతకీ ఏ బోరు? గొట్టం ఎన్నంగుళాలు? అసలు సంగతులన్నీ వదిలేసి పోలీసులూ చాయ్‌లూ రాశారు, భలేవారే!

నాకా విషయాలు బొత్తిగా తెలియవనుకోండి. ఊరికే తోచింది చెబుతున్నాను. మరీ పొట్టి గొట్టం వద్దండి. చేతిలో హాయిగానే ఉంటుంది గానీ, చెయ్యి ఎంత వంకరపోయిందో చివర కనపడదు, తగలకపోయాకే తెలుస్తుంది. పొడుగుదైతే పేల్చకముందే తెలిసిపోతుంది. నాకెలా తెలుసని అడక్కండి.

మీ వదిన,
లీలాకుమారి


వెస్ట్ మారేడ్‌పల్లి
వినాయక చవితి ముందు

వదినా!

"గారు" తీసేసిన. మీరు సుత తీసేయాలె. పంటినొప్పి అబద్ధం చెప్పినామెకు గారు ఏంది?

మీ ఉత్తరం పట్టుకొని ఇల్లంత తిరిగిన. రాఘవేందర్ "ఏమాయె, లాటరీ తగిలిందా" అన్నడు. "వియ్యంపురాలు తగిలింది" అన్న.

ఇగ విను నా తక్లీఫ్. క్లబ్బుల మగోళ్ళందరు ఒకటే పాట. "పాయింట్ త్రీ టూ బోరు తీసుకో అమ్మా, దాని రువాబే వేరు." తీసుకొని కాల్చిన, నాలుగు అంగుళాల బ్యారెల్‌ది. గూబ పగిలింది, మణికట్టు ఆకాశం చూసింది! రెండో గుండుకు పేలకముందే కండ్లు మూసుకున్న. మూడో గుండుకు "అమ్మా" అన్న. క్లబ్బు తుపాకులన్ని చూసుకునే జకర్యా ఉస్తాద్ ఉన్నడు, మిలిటరీల ఇదే పని చేసి రిటైరయిండు, ఆయన నా చేతిలకెల్లి మెల్లగ గుంజుకొని "మేడం, ఇది మీకు కాదు, మీరు దీనికి కాదు" అన్నడు.

తర్వాత పాయింట్ టూ టూ ఇచ్చిండు. వదినా, ఏం చెప్పాలె! టప్పుమంటది, అంతే. చేతిల జెర కదిలి ఊకుంటది. పెద్ద బోరుకు గుండె కొట్టుకుంటది, దీనికి నవ్వొస్తది. సరదాకు కాల్చేటోళ్ళకు ఇంకేం కావాలె? బోరు సంగతి అక్కడ ఒడిసింది.

కని బ్యారెల్ ఒడుస్తలేదు. నాలుగు అంగుళాలది తేలిక, కని నువ్వు చెప్పినట్టే నా తప్పు దాచిపెడతది. గురి చూసే వెనుక సైటుకు ముందు సైటుకు దూరం తక్కువ గదా, రెండు ఒక్క తీరుగ ఉన్నట్టే కొడతయి, కాగితం మీద చూస్తే గుండు గోడకు పోతది. ఆరు అంగుళాలది తప్పు ముందే చూపిస్తది, కని ముక్కు బరువు. జెరసేపు కాలిస్తే చెయ్యి కిందికి దండం పెడతది. దుకాణంల ఆకుపచ్చ ముక్కలు పదిసార్లు తీయించిన గిరాకీలను ఎంత తిట్టుకున్ననో, ఆ పాపమంత ఇప్పుడు నాకు తగిలింది. నిన్న రెండు పిస్తోళ్ళు పట్టుకొని అలవాటుగ "జెర ఎండల చూపియ్యి ఉస్తాద్" అన్న. ఆయన నెత్తి కొట్టుకున్నడు.

అన్నట్టు, పెండ్లి సారెల నీకు గాజులు పెట్టాలె. నీ కుడి అరచెయ్యి కాగితం మీద పెట్టి, వేళ్ళు జెర ఎడంగ ఉంచి, చుట్టూ గీసి పంపు. గీత సాఫ్‌గ ఉండాలె.

ఒకటి అడుగుత. పొట్టి గొట్టం సంగతి నీకెట్ల తెలుసు?

నీ వదిన,
ఊర్మిళ


గాంధీనగర్, కాకినాడ
సెప్టెంబరు

వదినా,

సరే, గారు తీసేశాను. చెయ్యి గీసి పంపుతున్నాను. గాజులకి వేళ్ళెందుకే తల్లీ? మా వైపు మణికట్టు చుట్టుకొలతో, పాత గాజో పంపుతాం. మీ వైపు పద్ధతి వేరేమోలే అని గీశాను. చూపుడువేలు దగ్గర గీత వంకర పోయింది, మా మామయ్యగారు కేకేశారు మధ్యలో.

ఇక నీ ప్రశ్న. చెప్పేస్తాను, నవ్వితే మాత్రం ఊరుకోను. ప్రతి గురువారం సాయిబాబా గుడికని చెప్పి బయల్దేరతాను. గుడికి వెళతాను కూడా, అబద్ధం కాదు. గుడి నుంచి ఆటో ఎక్కి బీచికి వెళతాను. అక్కడ బెలూన్లు కాల్చే బండి ఉంటుంది చూడు, చెక్కకి రంగురంగుల బెలూన్లు కట్టి, గాలి తుపాకి ఇస్తారు. నాగసాయి అని ఒకడి బండి. వాడి దగ్గర పొడుగు గొట్టందొకటి, సగానికి కోసిన పొట్టిదొకటి ఉన్నాయి. పొట్టిది కొత్తవాళ్ళకిస్తాడు, వాళ్ళకి తగలకూడదని! నాకూ మొదట్లో అదే ఇచ్చేవాడు. ఇప్పుడు నన్ను చూడగానే మొహం మాడ్చుకుని పొడుగుది తీస్తాడు. పోయిన వారం ఒక్క బెలూను మిగల్చలేదు. "అమ్మగారూ, నా పిల్లలు బతకాలండీ" అన్నాడు.

ఎందుకు మొదలెట్టానంటావా? నీహారిక హాస్టల్‌కి వెళ్ళాక ఇల్లు మరీ నిశ్శబ్దంగా అయిపోయింది వదినా. మా ఇంట్లో అందరూ నన్ను "ఏదీ, ఎక్కడ పెట్టావ్" అని పిలుస్తారు. నాకేది బాగా వచ్చు అని ఎవరూ అడగలేదు. ఆ బెలూను ఠాప్ మన్నప్పుడల్లా నాకు సమాధానం చెప్పినట్టుంటుంది. నువ్వు నవ్వాగలేదని రాశావు చూడు, అక్కడే నువ్వు నాదానివైపోయావు.

నిజం పిస్తోలు ఒక్కసారి పట్టుకోవాలని ఉంది. అయ్యేదేనా?

నీ
లీల


వెస్ట్ మారేడ్‌పల్లి
దసరా తెల్లారి

లీలా! లీలా! లీలా!

బెలూన్ల సంగతి చదివి మూడు దినాలు నవ్విన. ఇప్పుడు నాది విను, ఇది బ్రహ్మాండం.

క్లబ్బుల ఆయుధపూజ అయింది. తుపాకులన్ని ఖాళీ చేసి, బల్ల మీద తెల్లబట్ట పరిచి పెట్టిండ్రు. ఆడమనిషివి నువ్వే బొట్టు పెట్టాలె అన్నరు. బ్యూలా మేడం, జకర్యా ఉస్తాద్ క్రైస్తవులాయె, పక్కకు నిలబడి బంతిపూలు అందించిండ్రు. నేను మన ఇంటి కత్తిపీటకు పెట్టినట్టే, ప్రతిదాని కొసకు పసుపు రాసి, దాని మీద కుంకుమ దిట్టంగ అద్దిన. క్లబ్బుకు కొత్తగ అయిదున్నర అంగుళాల పాయింట్ టూ టూ ఒకటి వచ్చింది, ఇప్పుడు నేను కాల్చేది అదే, దాన్నయితే చేతిలనే పట్టుకొని ప్రేమగ అద్దిన. గొట్టం కొసకు మొటిమ తీరుగ ముందు సైటు ఉంటది గదా, కుంకుమంత దాని మీదనే పడ్డది.

"అయ్యో మేడం, సైటు ఖరాబు చేసిండ్రు" అని ఉస్తాద్ మొత్తుకున్నడు. పూజయినంక తుడవనీయకుండ అట్లనే కాల్చిన, శకునం అని. వదినా, అయిదు గుండ్లు! అయిదుకు అయిదు నల్ల వలయంల! నేను ఎగిరిన. ఉస్తాద్ దుర్భిణిల మళ్ళ మళ్ళ చూసిండు.

సంగతేందంటే నా కండ్లకు ఆ ముందు సైటు ఇన్ని దినాలు పొగ తీరు మసకగ ఉండె. వయసాయె గదా. చెప్పుకోనీకి సిగ్గయి, బోరుది తప్పు, బ్యారెల్‌ది తప్పు అనుకుంట తిరిగిన. ఎర్రగ బొట్టు పెట్టేసరికి మొట్టమొదటిసారి కనబడ్డది. ఉస్తాద్ ఇగ దానికి ఎర్ర పెయింట్ వేస్తనన్నడు.

సైటు కనబడ్డంక బ్యారెల్ కిరికిరి సుత ఒడిసింది. అయిదున్నర! ఆరు తీరు ముక్కు వంచదు, నాలుగు తీరు తప్పు దాచదు. ఇదే కొంట.

పూజల నా ఫోటో తీసిండ్రు. హరికిషన్ ఖుషీల దాన్ని స్టేటస్ పెట్టిండు! గదిమి తీయించిన. కని నీహారిక అప్పటికే చూసినట్టుంది. ఏం కాదు గదా?

నీ
ఊర్మిళ


గాంధీనగర్, కాకినాడ
అక్టోబరు

వదినా,

తొందరలో రాస్తున్నాను. అయిపోయింది.

సెలవులకి ఇంటికొచ్చిన నీహారిక ఆ ఫోటో ముచ్చటపడి వాళ్ళ తాతగారికి చూపించింది. "మా అత్తయ్య చూడండి తాతయ్యా" అని. ఆయన కళ్ళజోడు మార్చుకుని చూశారు. పెద్దది చేయించుకుని చూశారు. తరవాత ఫోను బోర్లాపెట్టి "ఆదివారం సికింద్రాబాదుకి టిక్కెట్లు తీయ్, ముహూర్తాలు పెట్టుకునే ముందు తేల్చుకోవాలి" అన్నారు మా ఆయనతో. గిన్నెలు చప్పుడు చేయడం మానేశాయి.

నన్ను రమ్మనలేదు. నేను వస్తానంటే "నువ్వెందుకు" అన్నారు. నా మాట నేను చెప్పబోయి, మంచినీళ్ళు అక్కడ పెట్టి వచ్చేశాను. సమయం చూసి చెబుతానని నీకు మాటిచ్చి చెప్పలేకపోయాను వదినా. నా మీద నాకే కోపంగా ఉంది.

పెళ్ళి పోతుందేమోనని భయంగా ఉంది. నువ్వు లైసెన్సు వాపసిచ్చేస్తావేమోనని ఇంకా భయంగా ఉంది. ఏం చేయమని చెప్పను?

లీల


వెస్ట్ మారేడ్‌పల్లి
సోమవారం

లీలా,

కూసున్నవా? కూసో.

నిన్న పొద్దుగాల పెద్దాయన, సత్యదేవ్ అన్నయ్య వచ్చిండ్రు. పెద్దాయన సోఫాల కర్ర నిలబెట్టి కూసున్నరు. మంచినీళ్ళిస్తే "మాట తేలాక" అన్నరు. కాఫీ ఇస్తే "మాట తేలాక" అన్నరు. రాఘవేందర్ బిస్కిట్ల ప్లేట్ పట్టుకొని విగ్రహం తీరు నిలబడ్డడు.

జేబుల నుంచి ఫోటో తీసిండ్రు, కాగితం మీద అచ్చు వేయించుకొచ్చిండ్రు! "ఇది నువ్వేనామ్మా?" అన్నరు.

ఇగ నేను ఆగలేదు. "నేనే బాబాయిగారూ. తప్పయింది. పిల్లల పెండ్లి ఆపకుండ్రి. ఈ సరదా నాకు ప్రాణం, కని నా కొడుకు కన్న ఎక్కువ కాదు. రేపే లైసెన్స్ వాపస్ ఇస్త" అన్న. ఏడ్చిన లీలా, దాచుడెందుకు.

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని "ఏం ఇస్తావ్?" అన్నరు. గట్టిగ చెప్పిన. "అదెందుకిస్తావ్?" అన్నరు. "మరి దేనికొచ్చిండ్రు?" అన్నడు మా ఆయన. అప్పుడు ఫోటో మీద వేలు పెట్టి కొట్టి, "ఆయుధానికి ఎడంచేత్తో బొట్టు పెడతారటమ్మా ఎవరైనా? అదీ పెళ్ళి పెట్టుకున్న ఇంట్లో!" అన్నరు.

చూసిన. నిజమే! కుడిచేతిల పిస్తోలున్నది, ఎడంచేత్తోటి కుంకుమ అద్దుతున్న! గురి చూసే చెయ్యి తుపాకికే అలవాటు పడ్డది గదా, మిగిలిన చెయ్యి బొట్టుకు పోయింది. నాకు ఏడుపుల నవ్వొచ్చింది. ఆపుకోలేక చీరె కొంగు నోట్ల కుక్కుకున్న. బిస్కిట్ల ప్లేట్ కింద పడ్డది.

"నవ్వుతావేం? అపచారం కాదూ? సరిచేయకుండా ముహూర్తం ఎలా పెట్టుకుంటాం?" అన్నరు, మస్తు కోపంల. ఇగ ఏం చేస్తం, కారెక్కి తిరుమలగిరి అవతలికి పోయినం. జకర్యా ఉస్తాద్ పిస్తోలు ఖాళీ చేసి బల్ల మీద పెట్టిండు. పెద్దాయన పక్కన నిలబడి, కుడిచేత్తోటి, ఉంగరం వేలుతోటి పెట్టించిండ్రు. కొబ్బరికాయ కొట్టించిండ్రు. అప్పుడు మంచినీళ్ళు తాగిండ్రు!

తాగినంక ఉస్తాద్‌ను పక్కకు పిలిచిండ్రు. చెవుడు గదా, ఆయన గుసగుస రేంజ్ అంత వినబడ్డది. "మా కోడలు గురువారం గురువారం బీచిలో బెలూన్లు పేలుస్తుంది. నాకు తెలీదనుకుంటుంది, పాపం. ఆ బండివాడు మా ఇంటికొచ్చి మొర పెట్టుకున్నాడు. దాని చేతికి ఏ బోరు మంచిదంటారు?"

అన్నయ్య మొఖం చూడాలె నువ్వు!

ఉస్తాద్ నా దిక్కు చూసిండు. ఇగ దాచుడు ఒడిసిందని నేను తల ఊపిన. పెద్దాయన చేతికి ఒక పొట్లం ఇచ్చి పంపిన. అది నీది. గాజులు కాదు.

నీ
ఊర్మిళ


గాంధీనగర్, కాకినాడ
గురువారం (గుడికి వెళ్ళలేదు)

నా ఊర్మిళా,

పొట్లం మామయ్యగారే తెచ్చి వంటింట్లో నా చేతికిచ్చారు. "మీ వియ్యపురాలు ఇచ్చింది" అన్నారు, అంతే. జాకెట్ ముక్కలో చుట్టావు, నిశ్చితార్థం నాడు కట్టిన నా కనకాంబరం చీరకి సరిగ్గా నప్పే రంగు. అలవాటు పోనిచ్చావు కాదు.

విప్పితే చెక్క పిడి. ఇదేమిటో నాకు మొదట అర్థం కాలేదు. లోపల చీటీ చదివాను, "నువ్వు గీసి పంపిన చెయ్యి చూసి జకర్యా ఉస్తాద్ చెక్కిండు. క్లబ్బుల నా దానసొంటిదే ఇంకో అయిదున్నర అంగుళాల పిస్తోలున్నది, దానికి బిగిస్తడు. నువ్వొచ్చినప్పుడు పక్కన ఉండి కాల్పిస్తడు" అని.

పట్టుకున్నాను.

బొటనవేలికి ఒక పల్లం, మిగతా వేళ్ళకి వరసగా పల్లాలు. ఆ గీసేటప్పుడు మామయ్యగారు కేకేస్తే వంకరపోయిన గీత ఉంది చూడు, అక్కడ కూడా ఉస్తాద్ అలాగే చెక్కేశాడు! చూపుడువేలి దగ్గర చిన్న సొట్ట. సరిగ్గా మళ్ళీ చెక్కించి పంపనా అని రాయకు. నాకదే కావాలి.

ఏడ్చాను వదినా. ఇన్నేళ్ళ కాపురంలో నా చేతి కొలత అడిగినవాళ్ళు గాజులమ్మేవాళ్ళే. నువ్వు కూడా గాజులకనే అడిగావనుకున్నాను. బోరు ఏదీ, గొట్టం ఎంతా అని నువ్వు నెలలకి నెలలు తలబద్దలుకొట్టుకుంటుంటే నీ కోసమే అనుకున్నాను. నా చెయ్యి కూడా లెక్కలో ఉందని నాకు తెలీదు. నేనేది బాగా చేయగలనో నన్ను చూడకుండానే కనిపెట్టావు నువ్వు.

ఇంట్లో సంగతి వింటే నవ్వి చస్తావు. పొద్దున్నే హాల్లో గోడకి మామయ్యగారు బొట్టుబిళ్ళ అంటించారు. నేను పిడి పట్టుకుని, చెయ్యి చాపి, దానికి గురి చూసి నిలబడాలి. ఆయన వాచీ పట్టుకుని "దింపకు, దింపకు" అని కేకలు. మా ఆయనేమో ఆఫీసుకి వెళ్ళేదారిలో నా చేతికింద నుంచి వంగి దూరిపోతున్నారు, పెద్దాయన అడ్డం రావద్దన్నారని. నిన్న సాయంత్రం నాగసాయి వచ్చి, నేనింక బీచికి రానని తెలిసి, మామయ్యగారి కాళ్ళకి దండం పెట్టి వెళ్ళాడు.

ముహూర్తం ఫాల్గుణంలో కుదిరింది, ఈ పాటికి ఫోన్లో స్పీకర్లో వినే ఉంటారు. పెళ్ళిబట్టలకని వచ్చే నెల టిక్కెట్లు తీయించారు, ఈసారి నాకు కూడా. ముందు తిరుమలగిరి, తరవాతే చీరలు. చీరలకి పొద్దు చాలకపోతే ఉన్న చీరలకే నీ కొట్లో జాకెట్ ముక్కలు తీసుకుందాం.

గాజుల మాట ఎగ్గొట్టేశాననుకోకు, అవీ కావాలి నాకు. కానీ ఎడంచేతికి మాత్రమే పెట్టు. కుడిచేతికి వద్దు, గురి చూసేప్పుడు గలగలమంటాయి.

నీ
లీల